మూడో చోట గ్లైసినే ఎందుకు?

చిన్న దెబ్బకే ఎముకలు విరిగిపోయే పిల్లల జన్యు పరీక్ష రిపోర్టుల్లో తరచూ ఒక మాట కనిపిస్తుంది: ఎముకలకు బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌లో ఫలానా నంబరు దగ్గర గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్ గొలుసులో ఒక పూస లాంటిది) పోయి వేరేది వచ్చిందని. ఎముకల్లో ఉండే టైప్ 1 కొల్లాజెన్‌లో మెలిక తిరిగే భాగంలోనే ఒక్కో గొలుసుకు 1014 అమైనో ఆమ్లాలుంటాయి. వాటిలో ఒక్కటి మారితే ఇంత జరుగుతుందా? జరుగుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఎందుకన్నది అర్థం కావాలంటే 1950ల మద్రాసు దాకా వెళ్లాలి.

1952లో జి.ఎన్. రామచంద్రన్ మద్రాసు యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేరారు. వయసు ముప్పై. ఏ సమస్య పట్టుకోవాలా అని చూస్తున్న రోజుల్లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన స్ఫటిక శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని ఆయనతో అన్నారు. అంతకు ముందు ఏడాదే అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ అంతటివాడు ఒక నమూనా ఇచ్చాడు గానీ అది నిలబడలేదు. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా కలిసి కంగారూ తోకలోని టెండన్‌కు (కండను ఎముకకు కట్టే, కొల్లాజెన్ నిండిన నరం లాంటి పట్టీ) ఎక్స్‌రే ఫొటోలు తీసి లెక్కలు మొదలుపెట్టారు.

అప్పటికి కొల్లాజెన్‌లో ఏ అమైనో ఆమ్లం తర్వాత ఏది వస్తుందో ఎవరూ పూర్తిగా చదవలేదు. చేతిలో ఉన్న ఆధారం ఏమిటంటే, మొత్తంలో దాదాపు మూడో వంతు గ్లైసినే. దాన్నిబట్టే ప్రతి మూడో చోటా గ్లైసిన్ ఉండాలి, గొలుసులూ మూడు ఉండాలి అని వాళ్లు ఊహించారు. 1954లో 'నేచర్'లో అచ్చయింది ఆ ముప్పేట నమూనా, మరుసటి ఏడాది దాన్ని ఇంకాస్త మెలితిప్పి సరిచేశారు. తాడు పేనేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఒక్కో పేటను ఒకవైపు తిప్పి, మూడింటినీ కలిపి ఎదురువైపు పేనితే తాడు విడిపోదు. కొల్లాజెన్‌లోనూ అంతే, ఒక్కో గొలుసు ఎడమ మెలిక, మూడూ కలిసి కుడి మెలిక. ఇలా పేనినప్పుడు ప్రతి గొలుసులోనూ మూడింటికొకటి తాడు నడిమధ్యకు వస్తుంది, అక్కడ చోటు లేదు. గ్లైసిన్‌కు గొలుసు నుంచి పక్కకు పొడుచుకొచ్చే గుంపుగా ఉండేది ఒక్క హైడ్రోజన్ పరమాణువే కాబట్టి అది మాత్రమే పడుతుంది. గ్లైసిన్-ఎక్స్-వై (ఎక్స్, వై అంటే వేరే ఏ అమైనో ఆమ్లాలైనా) అని మళ్లీ మళ్లీ వచ్చే వరస, అంటే మోటిఫ్, వెనక ఉన్నది ఈ ఇరుకే.

1955లోనే అలెగ్జాండర్ రిచ్, డీఎన్ఏ నిర్మాణం తేల్చిన ఇద్దరిలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్ అడ్డు తగిలారు. మూడు గొలుసులు సరే, పరమాణువులు మరీ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, ప్రతి మూడు అమైనో ఆమ్లాలకూ గొలుసులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు రెండు కుదరవు, ఒక్కటే అన్నారు. మన దగ్గర ఈ కథను 'మనవాడికి అన్యాయం' అన్న ధోరణిలో చెబుతుంటారు. నా మటుకు, బంధాల లెక్కలో క్రిక్ వాళ్లదే సరి, ముప్పేట ఆలోచన మాత్రం మద్రాసుదే. రామచంద్రన్ అలిగి కూర్చోలేదు. అసలు ఎంత దగ్గరైతే 'మరీ దగ్గర' అన్నట్టు? అప్పటికి తేలిన స్ఫటిక నిర్మాణాలన్నిట్లో పరమాణువుల మధ్య దూరాలు వెతికించి, రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి గొలుసు ఏ కోణాల్లో వంగగలదో పటం గీశారు. 1963లో వచ్చిన ఆ రామచంద్రన్ పటంతోనే ఈ రోజుకీ ఏ ప్రోటీన్ నిర్మాణాన్నైనా సరిచూస్తారు.

గ్లైసిన్ తీసేస్తే ఏమవుతుందో కళ్లారా చూసింది 1994లో. హెలెన్ బెర్మన్, బార్బరా బ్రాడ్‌స్కీ బృందం కొల్లాజెన్ లాంటి చిన్న పెప్టైడ్ (పొట్టి అమైనో ఆమ్లాల గొలుసు) మధ్యలో గ్లైసిన్ బదులు అలనిన్ అనే అమైనో ఆమ్లం పెట్టి స్ఫటికం చేసింది. అలనిన్‌లో అదనంగా ఉండేది ఒక చిన్న మిథైల్ గుంపే (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు). తాడు తెగలేదు గానీ అక్కడ పురి సడలింది, గొలుసుల మధ్య నేరుగా ఉండాల్సిన బంధాలు పోయి ఆ సందులో నీటి అణువులు దూరాయి.

వై చోట తరచూ ఉండేది హైడ్రాక్సీప్రొలైన్ అనే అమైనో ఆమ్లం, దాన్ని తయారుచేయడానికి విటమిన్ సి కావాలి. అది అందకపోతే తాడు ఒంటి వేడికే వదులైపోతుంది, స్కర్వీ జబ్బులో చిగుళ్ల నుంచి రక్తం కారేది అందుకే. ఇదే మోటిఫ్ రోగనిరోధక వ్యవస్థలోని సి1క్యూ అనే ప్రోటీన్‌లోనూ ఉంది.

మళ్లీ ఆ రిపోర్టు దగ్గరికొస్తే, ఎక్స్, వై చోట్ల ఉన్నవి బయటివైపు తిరిగి ఉంటాయి కాబట్టి అక్కడ మార్పొస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. గ్లైసిన్ మారితే ఏ నంబరు దగ్గర మారిందన్నది చూడాలి. తాడు పేనుకోవడం గొలుసు తోక (పెద్ద నంబర్లుండే చివర) నుంచి తల వైపు సాగుతుంది, అందుకని తోక దగ్గరి మార్పులు సాధారణంగా ఎక్కువ బాధపెడతాయి, ప్రతిసారీ కాదనుకోండి.