బ్యాక్టీరియా రేడియేషన్‌ను తినేస్తుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను హనుమకొండలో ఉంటూ భూగర్భజలాల రసాయనం మీద పనిచేస్తాను. బోరు నీళ్ల శాంపిల్ కోసం ఏ ఊరికి వెళ్లినా ఎవరో ఒకరు ఫోన్‌లో వీడియో చూపించి "సార్, రేడియేషన్‌ను తినే బ్యాక్టీరియా వచ్చిందట కదా" అంటారు.

అపోహ: సూక్ష్మజీవులు రేడియోధార్మికతను మాయం చేస్తాయి.

చేయలేవు. అది పరమాణు కేంద్రకంలో జరిగే పని, బ్యాక్టీరియాకు అందేవి బయటి ఎలక్ట్రాన్లే. అణు రియాక్టర్లలో పుట్టే సీజియం-137 సగానికి తగ్గాలంటే 30 ఏళ్లు, యురేనియం-238కి దాదాపు 450 కోట్ల ఏళ్లు. ఆ లెక్క ఏ జీవీ మార్చలేదు. ఆ వీడియోల్లోని డైనోకాకస్ రేడియేషన్‌ను తట్టుకుని బతుకుతుంది, అంతే. యురేనియాన్ని కదలకుండా ఆపే పని చేసేవి జియోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా. గాలి ఆడని మట్టిలో, మనం ఆక్సిజన్ వాడుకున్నట్టు అవి ఇనుమును, యురేనియాన్ని వాడుకుంటాయి, వాటికి ఎలక్ట్రాన్లు ఇస్తాయి, దాంతో నీళ్లలో కరిగి పారే యురేనియం కరగని రూపంలోకి మారి అక్కడే నిలిచిపోతుంది. అమెరికాలో కొలరాడోలోని రైఫిల్ దగ్గర, పాత యురేనియం మిల్లు స్థలంలో, భూమిలోకి అసిటేట్ (వెనిగర్‌లోని ఆమ్లం నుంచి వచ్చే లవణం, బ్యాక్టీరియాకు ఆహారం) పంపి అక్కడి బ్యాక్టీరియానే పెంచి చూశారు. నీళ్లలో యురేనియం బాగా తగ్గింది. కానీ కొన్ని వారాలకు సల్ఫేట్ వాడుకునే వేరే బ్యాక్టీరియా పెరిగేసరికి యురేనియం మళ్లీ పెరిగింది.

అపోహ: యురేనియం ఒకసారి గడ్డకడితే ఇక టెన్షన్ లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఆక్సిజన్ గానీ నైట్రేట్ గానీ తగిలితే ఆ యురేనియం తిరిగి కరుగుతుంది, నీళ్లలో బైకార్బోనేట్, కాల్షియం ఉంటే కరిగినది కరిగినట్టే ఉండిపోతుంది. మన గ్రానైట్ బండలో సహజంగానే కొంత యురేనియం ఉంటుంది, పైనుంచి మనం పొలానికి వేసే యూరియా మట్టిలోని బ్యాక్టీరియా వల్లే నైట్రేట్‌గా మారి కిందికి దిగుతుంది. అంటే ఒక బ్యాక్టీరియా కట్టేసినదాన్ని ఇంకో బ్యాక్టీరియా పని విప్పేయగలదు.

అపోహ: రేడియోధార్మిక పదార్థాలను పట్టుకోవడంలో మట్టి ఏదైనా ఒకటే.

ఇల్లైట్ అనే బంకమట్టి ఖనిజం పొరల అంచుల్లో సీజియం ఇరుక్కుంటే అంత సులువుగా బయటికి రాదు. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదంలో బయటపడ్డ సీజియం చాలావరకు పైపై 5 సెంటీమీటర్ల మట్టిలోనే ఆగింది కాబట్టే ఆ పొరను గీకి తీశారు. స్ట్రాన్షియం అనే ఇంకో రేడియోధార్మిక పదార్థం అలా కాదు, కాల్షియంలా ప్రవర్తిస్తుంది, వదులుగా ఉంటుంది, తొందరగా కదులుతుంది. మన రేగడిలో తడిస్తే ఉబ్బే స్మెక్టైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ, చెల్క నేలలో పట్టుకునే గుణం తక్కువ. ఫిన్లాండ్‌లో అణు వ్యర్థాల రాగి డబ్బాల చుట్టూ నింపడానికి ఎంచుకున్న బెంటొనైట్ కూడా రేగడిలా స్మెక్టైట్ బంకమట్టే, తడిస్తే ఉబ్బి నీళ్లకు దారి లేకుండా చేస్తుంది.

అపోహ: మరిగిస్తే యురేనియం పోతుంది.

యురేనియం ఆవిరి కాదు, నీళ్లే తగ్గుతాయి. తాగే నీళ్లలో లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, అది కూడా ముందుగా కిడ్నీల కోసమే, రేడియేషన్ కోసం కాదు. ఆర్వో ఫిల్టర్ చాలావరకు తీసేస్తుంది. బోరు నీళ్లు టెస్టుకు ఇచ్చేటప్పుడు యురేనియంతో పాటు నైట్రేట్, బైకార్బోనేట్ కూడా చూడమని ల్యాబ్ వాళ్లకు చెప్పండి.