హారంలో ఎవరున్నారు?

చిరంజీవులకు ఆశీస్సులు.

విశ్వవిద్యాలయాల పట్టిక ముందు పెట్టుకుని, 6 శాతం మందికే సీటు ఇచ్చేది గొప్పదనీ, 30 శాతం మందికి ఇచ్చేది అంతంతమాత్రమనీ మీరు తేల్చేశారు. ఆ తీర్పు కాస్త వాయిదా వేయండి. శాతమంటే భిన్నమే కదా. పైనున్న అంకె సంగతి తరవాత చూద్దాం, ముందు హారంలో ఎవరిని లెక్కపెట్టారో అడగండి.

అమెరికా పట్టికల్లో ప్రవేశ శాతమంటే, సీటు ఇస్తామన్నవారి సంఖ్యను దరఖాస్తు చేసినవారి సంఖ్యతో భాగిస్తే వచ్చేది. ఒక ఏడు 10,000 మంది దరఖాస్తు చేస్తే 2,000 మందికి సీటు ఇచ్చారనుకోండి, అది 20 శాతం. మరుసటి ఏడు రుసుము ఎత్తేసి, ప్రచారం పెంచి, 20,000 దరఖాస్తులు రాబట్టారు. సీట్లు అవే, అధ్యాపకులు వాళ్లే, గ్రంథాలయంలో ఒక్క పుస్తకం కూడా పెరగలేదు. శాతం మాత్రం 10కి దిగింది. జనం దాన్ని చూసి ‘ఎంత కష్టమో’ అని నోరెళ్లబెడతారు. నన్నడిగితే, ఆ అంకె చదువు నాణ్యత కంటే ప్రచార విభాగం చురుకుదనాన్నే ఎక్కువగా చెబుతుంది.

బ్రిటన్‌ లెక్కల్లో ఇంకో చిక్కుంది. అక్కడ డిగ్రీ ప్రవేశాలు చాలావరకు యూకాస్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా జరుగుతాయి. ఒక్కో విద్యార్థి అయిదు వరకు ఎంపికలు పెట్టుకోవచ్చు. లక్ష మంది తలా అయిదు పెడితే దరఖాస్తులు 5 లక్షలు. చివరికి లక్ష మందికీ ఎక్కడో ఒకచోట సీటు దొరికిందనుకుందాం. మనుషుల లెక్కన అది 100 శాతం, దరఖాస్తుల లెక్కన 20 శాతం. రెండూ నిజమే! కాబట్టి పట్టికలో ఉన్నది ‘దరఖాస్తులు’ అన్న మాటో, ‘దరఖాస్తుదారులు’ అన్న మాటో వేలు పెట్టి చదవండి. మరొకటి, అమెరికాలో ‘యాక్సెప్టెన్స్’ అంటే విశ్వవిద్యాలయం సీటు ఇస్తాననడం. యూకాస్ లెక్కల్లో అదే మాటకు విద్యార్థికి సీటు ఖాయమైందని అర్థం. ఈ రెండు దేశాల శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చేవారిని చూస్తే నాకు జాలేస్తుంది.

సీటు వచ్చినవారిలో నిజంగా చేరినవారి శాతాన్ని ‘యీల్డ్’ అంటారు. తరగతికి 1,500 మంది కావాలి, పిలిచినవారిలో సగం మందే వస్తారని అనుభవం చెబుతోంది, అప్పుడు 3,000 మందిని పిలవాలి. నలుగురిలో ముగ్గురు వస్తారంటే 2,000 మందిని పిలిస్తే చాలు. అంటే యీల్డ్ పెరిగితే ప్రవేశ శాతం దానంతటదే తగ్గుతుంది. అమెరికాలో ‘ఎర్లీ డెసిషన్’ పద్ధతిలో సీటు వస్తే చేరతామని విద్యార్థి ముందే మాటిస్తాడు. ఆ దారిలో ఎక్కువ సీట్లు నింపిన చోట యీల్డ్ ఎక్కువగానే కనబడుతుంది. ఆ విడతలో ప్రవేశ శాతం ఎక్కువగా ఉందని మురిసిపోకండి. విశ్వవిద్యాలయ జట్లకు క్రీడాకారులుగా ముందే ఎంపికైనవారు చాలామంది అందులోనే ఉంటారు, ఆ శాతం పెరగడానికి వాళ్లూ ఒక కారణం.

ఇక ప్రవేశ పరీక్షల మార్కులు. ‘మధ్య 50 శాతం’ అని రెండు అంకెలు ఇస్తారు, 25వ పర్సెంటైల్, 75వ పర్సెంటైల్. మీలో చాలామంది మొదటి అంకెను కనీస అర్హతగా చదువుతున్నారు. అది కానే కాదు. లెక్కలోకి తీసుకున్నవారిలో దాదాపు నాలుగో వంతు మందికి అంతకంటే తక్కువే వచ్చింది. అమెరికా విశ్వవిద్యాలయాలు ‘కామన్ డేటా సెట్’ పేరుతో నింపే పత్రంలో ఈ అంకెలు సి9 భాగంలో, కొత్తగా చేరినవారి మార్కుల నుంచి వస్తాయి. 2020 తరవాత చాలా చోట్ల పరీక్ష మార్కులు పంపడం ఐచ్ఛికమైంది. మార్కులు బాగా వచ్చినవారే పంపితే ఆ రెండు అంకెలూ పైకి జరుగుతాయి. ఎంత శాతం మంది పంపారో కూడా ఆ భాగంలోనే ఉంటుంది, అది చూడకుండా దిగులుపడకండి.

మొత్తం అంకె ఎలా తప్పుదారి పట్టిస్తుందో చెప్పడానికి బర్కిలీ ఉదంతానికి మించినది లేదు. 1973లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో పై చదువులకు 8,442 మంది పురుషులు, 4,321 మంది స్త్రీలు దరఖాస్తు చేశారు. పురుషుల్లో సుమారు 44 శాతానికి, స్త్రీలలో 35 శాతానికి సీటు వచ్చింది. పక్షపాతం కొట్టొచ్చినట్టు కనబడుతోంది కదా? శాఖలవారీగా విడదీసేసరికి కథ మారింది. ఆరు పెద్ద శాఖల్లో నాలుగింట స్త్రీల శాతమే ఎక్కువ. ఒక శాఖలో పురుషులకు 62, స్త్రీలకు 82! కాకపోతే 825 మంది పురుషులు పోటీపడిన ఆ శాఖకు దరఖాస్తు చేసిన స్త్రీలు 108 మందే. సీటు దొరకడం కష్టమైన శాఖలవైపు స్త్రీలు ఎక్కువగా వెళ్లారు. 1975లో ఈ లెక్క ప్రచురించిన పరిశోధకులు అక్కడితో చేతులు దులుపుకోలేదు. స్త్రీలను అటువైపు మళ్లించే అడ్డంకులు అంతకు ముందరి చదువుల్లోనే ఉన్నాయని రాశారు.

మీకు కావలసింది ఫలానా శాఖలో సీటు. విశ్వవిద్యాలయం మొత్తం శాతం పట్టుకుని మీ అవకాశం లెక్కగడితే అదే పొరపాటు అవుతుంది. శాఖ అంకె అచ్చులో లేకపోతే ప్రవేశాల కార్యాలయానికి రాసి అడగండి.

వెయిటింగ్ లిస్టు గురించి కూడా అడిగారు. ఎంతమందిని ఆ జాబితాలో ఉంచారో, వారిలో ఎంతమందికి చివరికి సీటు ఇచ్చారో ఇందాక చెప్పిన ‘కామన్ డేటా సెట్’ పత్రంలోని సి2 భాగంలో ఉంటుంది. చేరతామన్నవారు అనుకున్నదానికంటే తగ్గితేనే ఆ జాబితా కదులుతుంది. అందుకే ఒక ఏడాది అంకెతో సరిపెట్టుకోక, మూడు నాలుగేళ్లవి పక్కపక్కన రాసి నాకు పంపండి, కూర్చుని చూద్దాం.

మీ తాతయ్య