పదహారేళ్లకు బరువు ఆపరేషన్: మన దగ్గరున్న లెక్కలు ఎవరివి?

"ఇప్పుడే చేయించొచ్చా డాక్టరుగారూ, ఇంకో రెండేళ్లు ఆగమంటారా?" విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో, బాగా లావైన ఇంటర్ పిల్లతో ఆసుపత్రికి వచ్చిన తల్లిదండ్రులు అడిగే మాట ఇది. అడగాల్సిన మాటే. దానికి నమ్మకంగా జవాబు చెప్పడానికి వైద్యానికి చాలా కాలం పట్టింది.

బరువు తగ్గించే ఆపరేషన్లు 1950ల్లో అమెరికాలో మొదలయ్యాయి. అప్పట్లో చిన్నపేగులో ఎక్కువ భాగాన్ని పక్కకు తప్పించి కలిపేసేవారు. బరువు నిజంగానే తగ్గేది. కాలేయం దెబ్బతినడం, కిడ్నీలో రాళ్లు రావడం మాత్రం ఏళ్లు గడిచాక గాని బయటపడలేదు. చివరికి ఆ పద్ధతినే వదిలేశారు. ఆ తర్వాత కడుపును చిన్న సంచిలా చేసే బైపాస్‌ను 1960ల్లో అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టారు. ఇప్పుడు ఎక్కువగా చేస్తున్న స్లీవ్‌లో కడుపులో దాదాపు నాలుగింట మూడొంతులు కోసి తీసేస్తారు. తీసింది మళ్లీ పెట్టలేరు.

1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణులు హద్దులు గీశారు: బీఎమ్‌ఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క) 40 దాటితే, లేదా 35 దాటి షుగర్, బీపీ లాంటివి ఉంటే ఆపరేషన్ ఆలోచించొచ్చు. పిల్లల విషయంలో మాత్రం సరిపడా పరిశోధన లేదని, ఏమీ సిఫారసు చేయలేమని ఆగిపోయారు.

ఆ ఖాళీని పూడ్చింది పిల్లల సర్జన్ థామస్ ఇంజి నడిపిన టీన్-ల్యాబ్స్ అధ్యయనం. 2007 నుంచి 2012 మధ్య అమెరికాలోని ఐదు ఆసుపత్రుల్లో ఆపరేషన్ చేయించుకున్న 242 మంది టీనేజర్లను ఏళ్ల తరబడి వెంబడించారు. వాళ్ల సగటు బీఎమ్‌ఐ 53. అంటే ఐదడుగుల మూడంగుళాల పిల్ల 135 కిలోలు ఉన్నట్టు. మూడేళ్లకు సగటున 27 శాతం బరువు తగ్గింది. 2019లో ఇంకో ముఖ్యమైన పోలిక వచ్చింది. టీనేజ్ నుంచే లావుగా ఉండి, పెద్దయ్యాక ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను ఈ పిల్లల పక్కన పెట్టి చూశారు. ఐదేళ్లకు బరువు తగ్గడంలో పెద్ద తేడా లేదు. టైప్ 2 షుగర్ మాత్రం టీనేజర్లలో 86 శాతం మందికి అదుపులోకి వచ్చి మందులు ఆగాయి, పెద్దల్లో 53 శాతం మందికే. 2024లో పదేళ్ల ఫలితాలొచ్చేసరికి టీనేజర్లలో ఆ లెక్క 55 శాతానికి దిగింది. అయినా అది చిన్న లాభం కాదు. అవసరమైన పిల్లకు ఆపరేషన్‌ను ఊరికే వాయిదా వేయడం కూడా నష్టమేనని నేను అనుకోవడానికి కారణం ఈ అంకెలే.

అదే పోలికలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన అంకె ఇంకొకటి. ఆపరేషన్ తర్వాత టీనేజర్లలో 48 శాతం మందికి ఒంట్లో ఐరన్ నిల్వలు తక్కువ. పెద్దల్లో అది 29 శాతం. మళ్లీ ఆపరేషన్ అవసరమైన సందర్భాలూ పిల్లల్లోనే ఎక్కువ. అధ్యయనంలో నలుగురిలో ముగ్గురు అమ్మాయిలే. మన రాష్ట్రంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అలాంటి పిల్లకు కడుపు చిన్నది చేశాక ఐరన్, బి12 మాత్రలు జీవితాంతం ఎవరు గుర్తుచేస్తారు? హాస్టల్లో చదువు, తర్వాత పెళ్లి, ఇంకో ఊరు. ఆపరేషన్ రోజు కంటే నాకు ఆ తర్వాతి ఏళ్లే టెన్షన్.

బీఎమ్‌ఐ హద్దులదీ ఇదే ఇబ్బంది, అవీ వేరే దేశపు లెక్కలే. అదే బీఎమ్‌ఐ దగ్గర మనవాళ్ల ఒంట్లో కొవ్వు ఎక్కువని, షుగర్ ముందే వస్తుందని పుణె డాక్టర్ యాజ్ఞిక్ లాంటివాళ్లు ఎప్పుడో చూపించారు. ఆసియా పెద్దవాళ్లకు 27.5 నుంచే ఆపరేషన్ ఆలోచించొచ్చని 2022లో అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. మన బీమా నియంత్రణ సంస్థ మాత్రం 2019 నిబంధనల్లో పాత 40, 35 లెక్కలే పెట్టింది, పైగా 18 ఏళ్లు నిండాలంది. ఆ లెక్కన పదహారేళ్ల పిల్లకు ఖర్చంతా ఇంటివాళ్ల మీదే.

ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది. విజయవాడ, గుంటూరు రెండు ఊళ్లలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ఇక్కడ ఆపరేషన్ చేయించుకున్న ప్రతి టీనేజర్ బరువు, షుగర్, హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వల లెక్క) ఏటా ఒకచోట నమోదు చేయడం వీటికి చేతకాని పని కాదు. అప్పటిదాకా సంతకం పెట్టే ముందు తల్లిదండ్రులు సర్జన్‌ను ఒకటి అడగాలి: ఐదేళ్ల కిందట మీరు ఆపరేషన్ చేసిన పిల్లల్లో ఎంతమంది ఇప్పటికీ చూపించుకోవడానికి వస్తున్నారు?