కొలిమి ఆగిన రోజుల లెక్క

పారిశ్రామిక నైట్రస్ ఆక్సైడ్ ఉద్గారాలను దేశాలవారీగా గీతలతో చూపే పట్టికను చూసి ఒక పాఠకుడు ఇలా అడిగారు: బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీల గీతలు 1990ల చివరలో నూతిలో పడ్డట్టు ఒక్కసారిగా ఎందుకు దిగిపోయాయి, ఆ ఏళ్లలో అక్కడి పరిశ్రమలేమీ మూతపడలేదు కదా? నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది, ఎందుకంటే ఈ వాయువు విషయంలో ఒక దేశపు గీతను చాలాసార్లు వేళ్ల మీద లెక్కపెట్టగల కొన్ని యంత్రాలే నడిపిస్తాయి.

నైట్రస్ ఆక్సైడ్ వాతావరణంలో వందేళ్లకు పైగా నిలుస్తుంది. నూరేళ్ల వ్యవధికి లెక్కిస్తే, కిలోకు కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. పరిశ్రమల్లో ఇది ప్రధానంగా నత్రికామ్లం, అడిపిక్ ఆమ్లం తయారయ్యే చోట్ల పుడుతుంది. నత్రికామ్లం కోసం అమ్మోనియాను ప్లాటినం, రోడియం లోహాల జల్లెడ మీద 900 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ వేడిలో ఆక్సీకరిస్తారు. తరగతిలో ఈ చర్యకు నైట్రిక్ ఆక్సైడ్ ఏర్పడే సమీకరణం ఒక్కటే నల్లబల్ల మీద రాసి, పక్కదారి పట్టే కొద్దిపాటి అమ్మోనియా సంగతి వదిలేయడం మన బోధనలోని లోపం. ఏ నియంత్రణా లేకపోతే టన్ను ఆమ్లానికి 5 నుంచి 9 కిలోల నైట్రస్ ఆక్సైడ్ వెలువడేది ఆ పక్కదారిలోనే.

నైలాన్‌కు ముడిసరుకైన అడిపిక్ ఆమ్లం కథ వేరు. సైక్లోహెక్సనాల్, సైక్లోహెక్సనోన్‌ల మిశ్రమాన్ని నత్రికామ్లంతో ఆక్సీకరించినప్పుడు, స్థూలంగా ఒక్కో అడిపిక్ ఆమ్లం అణువుకు ఒక్కో నైట్రస్ ఆక్సైడ్ అణువు పుడుతుంది. వీటి అణుభారాలు 146, 44 కాబట్టి టన్ను ఆమ్లానికి సుమారు 300 కిలోల వాయువు వెలువడాలి. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘమైన ఐపీసీసీ మార్గదర్శకాలు ఇచ్చే సంఖ్య కూడా అదే. 1991లో థీమెన్స్, ట్రోగ్లర్ అనే శాస్త్రవేత్తలు 'సైన్స్' పత్రికలో ఈ సంగతిని వెల్లడించాక, పెద్ద ఉత్పత్తిదారులు పొగగొట్టానికి ముందే ఆ వాయువును అధిక ఉష్ణోగ్రత వద్ద గాని, ఉత్ప్రేరకం మీద గాని విడగొట్టే యూనిట్లను అమర్చుకున్నారు. బ్రిటన్‌లో విల్టన్, ఫ్రాన్స్‌లో షలాంపే కర్మాగారాలకు అవి 1998లో వచ్చాయి. ఆ దేశాల్లో అప్పట్లో ఈ ఆమ్లాన్ని తయారుచేసేది ఆ ఒక్కొక్క కర్మాగారమే కనుక, ఒక యూనిట్ మొదలైతే జాతీయ గీత కూలిపోయింది.

ఇక నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే లెక్క చూద్దాం. ఏడాదికి 1,00,000 టన్నుల ఆమ్లం తయారుచేసే కర్మాగారం 30,000 టన్నుల నైట్రస్ ఆక్సైడ్‌ను పుట్టిస్తుంది. విచ్ఛేదన యూనిట్ 98 శాతాన్ని నాశనం చేస్తూ ఏడాది పొడవునా పనిచేస్తే బయటికి వచ్చేది 600 టన్నులు. ఆమ్లం తయారీ సాగుతుండగానే యూనిట్ 5 శాతం కాలం మరమ్మతులో ఉంటే, ఆ కాలంలో నేరుగా వెలువడిన 1,500 టన్నులు, మిగతా కాలపు 570 టన్నులు కలిపి 2,070 టన్నులవుతుంది. 10 శాతం కాలం ఆగితే 3,540 టన్నులు. ఆమ్లం ఉత్పత్తి ఒక్క బస్తా కూడా మారలేదు, కానీ ఉద్గారం దాదాపు ఆరు రెట్లయింది. యూనిట్ సామర్థ్యాన్ని 98 నుంచి 99 శాతానికి పెంచడానికి ఇంజినీర్లు ఎంత శ్రమించినా ఆదా అయ్యేది 300 టన్నులు. యూనిట్ ఆగే కాలాన్ని ఒక్క శాతం తగ్గించినా దాదాపు అంతే ఆదా అవుతుంది. 2018లో అమెరికా అడిపిక్ ఆమ్లం ఉద్గారాలు పెరగడానికి కూడా ఇలా యూనిట్ల వినియోగం తగ్గడమే ముఖ్య కారణం.

పట్టికలు 'కార్బన్ డయాక్సైడ్ తుల్యం'లో ఉంటే, అంటే వాయువు బరువును అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్ని రెట్లు వేడెక్కిస్తుందో ఆ సంఖ్యతో గుణించి రాస్తే, మరో చిక్కు ఉంది. క్యోటో ఒప్పందపు తొలి దశలో నైట్రస్ ఆక్సైడ్‌ను 310తో, రెండో దశలో 298తో గుణించారు. ప్యారిస్ ఒప్పందం కింద 265తో గుణిస్తున్నారు. పాత నివేదిక అంకెను కొత్త నివేదిక అంకె పక్కన పెడితే, ఒక్క అణువూ తగ్గకుండానే 14 శాతానికి పైగా తగ్గుదల కనిపిస్తుంది. అచ్చైన అంకెను గుణకం అడగకుండా నమ్మడాన్ని నేను మూఢనమ్మకాల్లోనే కలుపుతాను.

చైనాను యూరప్‌తో పోల్చేటప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పారిశ్రామిక దేశాలు ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడిక కింద ఏటా లెక్కలు సమర్పిస్తూ వచ్చాయి. చైనా వంటి వర్ధమాన దేశాలకు ఆ నిబంధన లేనందున, అవి అప్పుడప్పుడు ఇచ్చే నివేదికల మధ్య ఏళ్ల గీతను అంతర్జాతీయ సమాచార సంస్థలు ఉత్పత్తిని ఉద్గార గుణకంతో హెచ్చవేసి పూరిస్తాయి. టన్నుకు 300 కిలోలా, 98 శాతం నాశనమయ్యాక మిగిలే 6 కిలోలా అన్నది యూనిట్ నడుస్తోందని అనుకున్నామా లేదా అన్నదాన్నిబట్టి ఉంటుంది. వర్ధమాన దేశాల్లో ఉద్గారాలు తగ్గిస్తే ప్రతిఫలం ఇచ్చే క్యోటో ఒప్పందపు ఏర్పాటైన స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం కింద చైనా, దక్షిణ కొరియా, బ్రెజిల్‌లలో కొన్ని అడిపిక్ ఆమ్లం కర్మాగారాలు ఈ వాయువును నాశనం చేసి కార్బన్ క్రెడిట్లు, అంటే తగ్గించిన ఉద్గారానికి దక్కే, అమ్ముకోగల పత్రాలు, సంపాదించాయి. ఆ ఆదాయం ఖర్చును బాగా మించిపోవడంతో, 2008, 2009లలో ఆమ్లం ఉత్పత్తే కొంతవరకు ఇతర దేశాల నుంచి ఈ కర్మాగారాలకు తరలిందని స్టాక్‌హోమ్ ఎన్విరాన్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2010లో చూపారు. 2013లో యూరోపియన్ యూనియన్ ఆ క్రెడిట్లను తన మార్కెట్‌లోకి రానివ్వడం మానేసింది.

మళ్లీ పాఠకుడు చూసిన బ్రిటన్ గీత దగ్గరికే వస్తే, దానిలో 2009లో ఇంకొక దిగుడు ఉంది. ఆ ఏడాది విల్టన్ కర్మాగారం మూతపడింది. యూనిట్ బిగించినప్పటి 1998 దిగుడూ, గేటు మూసినప్పటి ఈ దిగుడూ పట్టికలో ఒకే తీరున కనిపిస్తాయి. ఆ తరువాత అక్కడి అవసరానికి వేరే దేశంలో తయారయ్యే ఆమ్లం తాలూకు వాయువు ఆ దేశపు గీతలో కలుస్తుంది.