హీరోయిన్ గొంతు సన్నగానే ఉండాలా? డబ్బింగ్ మైక్ దగ్గర వినిపించే అపోహలు - వాస్తవాలు

వాయిస్ టెస్టుకి వచ్చే అమ్మాయిల్లో చాలామంది మైక్ ముందు నిలబడకముందే "మేడమ్, నాది కాస్త బొంగురు గొంతు, హీరోయిన్‌కి పనికిరాదేమో" అంటారు. ఆ టెన్షన్ చూస్తే నాకు బాధేస్తుంది. హీరోయిన్ గొంతు సన్నగానే ఉండాలన్న ఈ ప్రచారం వల్ల మంచి గొంతులు పాడైపోతున్నాయి.

అపోహ: పాత సినిమాల్లో ఆడవాళ్ల గొంతులు సహజంగానే సన్నగా ఉండేవి, హీరోయిన్ అంటే అలాగే మాట్లాడాలి.

వాస్తవం: 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ (మాటలున్న సినిమా) మొదలైనప్పుడు అందులో లీలావతి వేసిన సురభి కమలాబాయి నాటకరంగం నుంచి వచ్చిన నటి. మైకుల్లేని నాటకంలో చివరి వరసకి వినపడాలంటే గొంతెత్తాలి, అచ్చులు సాగదీయాలి, ఆ పద్ధతే తొలి టాకీల్లోకీ వచ్చింది. పైగా ఫిల్ము అంచున ఉండే అప్పటి ఆప్టికల్ సౌండ్ ట్రాక్‌లో (శబ్దాన్ని గీతలా ముద్రించే పట్టీలో) గొంతులోని నిండుదనమంతా నిలిచేది కాదు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమాని టీవీ కోసం 25 ఫ్రేములకి ఎక్కిస్తే 4 శాతం వేగం పెరుగుతుంది, పిచ్ (స్వర స్థాయి) సరిచేయకపోతే గొంతు కూడా అరస్వరానికి కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. అలాంటి కాపీ విని, అదే అసలు గొంతనుకుని ప్రాక్టీస్ చేస్తే ఎలా?

వాయిస్ టెస్టుకొచ్చిన ఒకమ్మాయి బయట కూర్చుని ఫోన్లో మాట్లాడుతుంటే ఎంత నిండుగా ఉందో గొంతు! లోపలికొచ్చి రికార్డింగ్ రెడ్ లైట్ వెలగ్గానే గడ్డం పైకి లేచింది, మెడ నరాలు బిగుసుకున్నాయి. డైలాగ్ చిన్నదే, "నువ్వెళ్లు, నేను రాను." ఆ నొక్కిన గొంతులో "రాను" అన్నది బతిమాలుతున్నట్టు వినపడింది. గడ్డం దించి, ఇందాక ఫోన్లో మాట్లాడినట్టే చెప్పమన్నాను. ఈసారి రాను అంటే రాను అన్నట్టే ఉంది, లిప్ సింక్ (తెరమీది పెదాల కదలికకి మాట సరిపోవడం) కూడా చక్కగా కుదిరింది, ఎందుకంటే ఊపిరి మిగిలింది. రోజూ అలా గొంతు నొక్కి మాట్లాడితే స్వరతంత్రుల మీద కాయలు కట్టొచ్చు, అప్పుడు ఉన్న గొంతు కూడా పాడవుతుంది. విజయశాంతికి నటి సరిత చెప్పిన డబ్బింగ్ ఒక్కసారి వినండి, అది సన్నటి గొంతా?

అపోహ: అప్పట్లో అందరూ ఒకేలా, అణకువగా మాట్లాడేవారు.

వాస్తవం: 1962 నాటి ‘గుండమ్మ కథ’ పెట్టుకుని కళ్లు మూసుకుని వినండి. సూర్యకాంతం దబాయింపు, సావిత్రి నెమ్మది, జమున పెంకితనం, మూడూ మూడు రకాలు.

అపోహ: యాస కామెడీ పాత్రలకే.

వాస్తవం: 2017లో ‘ఫిదా’లో సాయిపల్లవి తెలంగాణ యాసలో సొంతంగా డబ్బింగ్ చెప్పుకుంది. హీరోయినే కదా?

అపోహ: తేనె తాగితే గొంతు సన్నబడుతుంది.

వాస్తవం: సన్నబడదు. మింగింది అన్నవాహికలోకి పోతుంది, స్వరతంత్రులు ఉండేది గాలి వెళ్లే దారిలో. గొంతు బొంగురుపోయి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే చిట్కాల వీడియోలు చూస్తూ కూర్చోకండి, ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి.