ఏసీ నుంచి వేడిగాలి వస్తుంటే థర్మోస్టాట్‌ను ఎలా పరీక్షించాలి?

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం శ్రీకాకుళంలో మా అక్క ఇంటికి వెళ్లేసరికి, ఆమె పడకగదిలో ఏసీ వేసుకొని కూడా పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టుకొని కూర్చుంది. రిమోట్ మీద 18 అని కనిపిస్తోంది, గోడమీది యూనిట్ నుంచి గాలి ధారాళంగానే వస్తోంది, కానీ ఆ గాలిలో చలువ లేదు. "గేసు అయిపోనాదంటరా తమ్ముడూ, నింపాలన్నాడు మెకానిక్కు" అంది. ఈ మాట మన ఊళ్లలో ప్రతి వేసవిలోనూ వినిపిస్తుంది, ఆ మాట మీదనే వేల రూపాయలు ఖర్చవుతాయి. అందుకే దాన్ని ఒకసారి నిదానంగా పరిశీలించడం అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఏసీలో గ్యాస్ స్కూటర్‌లో పెట్రోలులా ఖర్చయ్యే వస్తువు కాదు. అది మూసివేసిన రాగి గొట్టాలలో తిరుగుతూ, లోపలి కాయిల్‌లో ఆవిరై గది వేడిని పీల్చుకొని, బయటి కాయిల్‌లో మళ్లీ ద్రవమై ఆ వేడిని వదిలిపెడుతుంది. గొట్టం ఎక్కడా కారకపోతే ఏళ్లు గడిచినా అదే గ్యాస్ పనిచేస్తుంది. తగ్గిందంటే కారుతోందని అర్థం, కాబట్టి కారుతున్న చోటును వెదికి మూయకుండా కొత్త గ్యాస్ నింపితే అదీ అదే దారిన పోతుంది. ఇంతకీ అసలు తగ్గిందో లేదో తేల్చుకునే ముందు, యంత్రం చల్లబరచాలనుకొని చేయలేకపోతోందా, లేక చల్లబరచవలసిన అవసరమే లేదనుకుంటోందా అన్నది తేలాలి. ఈ రెండో ప్రశ్నకు జవాబు థర్మోస్టాట్ దగ్గర ఉంటుంది.

థర్మోస్టాట్ దానంతటది దేన్నీ చల్లబరచదు. గది ఎంత వేడిగా ఉందో కొలిచి, మనం కోరిన అంకెతో పోల్చి, గ్యాస్‌ను నొక్కి గొట్టాలలో తిప్పే కంప్రెసర్‌ను నడపాలో ఆపాలో చెప్పడమే దాని పని. పాత కిటికీ ఏసీలలో చలువను అమర్చే మరను తిప్పితే టక్కుమని శబ్దం వచ్చేది గుర్తుందా? ఆ మర వెనుక నుంచి సన్నని రాగి గొట్టం ఒకటి జాలీ దాకా వచ్చేది, అందులో నింపిన వాయువు వేడికి వ్యాకోచించి స్విచ్చును కలిపేది, చలికి సంకోచించి విడదీసేది. ఇప్పటి స్ప్లిట్ ఏసీలలో ఆ పనిని మిరియపు గింజంత నల్లని పూస ఒకటి చేస్తుంది. దాని పేరు థర్మిస్టర్. కొన్ని పదార్థాలు వేడెక్కినకొద్దీ విద్యుత్తును మరింత సులువుగా ప్రవహింపజేస్తాయని 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించాడు, ఈ పూస పనిచేసేది ఆ గుణం మీదనే. సాధారణంగా వాడే ఒక రకంలో 25 డిగ్రీల దగ్గర నిరోధం, అంటే విద్యుత్తుకు అడ్డుపడే గుణం, 10 కిలో ఓములు ఉంటుంది, 35 డిగ్రీలకు అది సుమారు ఆరున్నరకు పడిపోతుంది, 15 డిగ్రీలకు పదహారు దాకా పెరుగుతుంది. యంత్రానికి గది గురించి తెలిసేది ఆ నిరోధం ద్వారానే. పూస తప్పు చెబితే యంత్రం దాన్ని నమ్మడం తప్ప చేయగలిగింది లేదు.

పూస దాకా వెళ్లే ముందు రిమోట్‌ను చూడాలి. మంచుపువ్వు గుర్తు ఉంటే కూల్ మోడ్, ఫ్యాన్ రెక్కల గుర్తు ఉంటే ఉత్త గాలి, సూర్యుడి గుర్తు ఉంటే వేడి చేసే మోడ్. పిల్లల చేతిలో మోడ్ మారిపోవడం చాలా మామూలు విషయం. అంకె విషయానికొస్తే, స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ 24 డిగ్రీల అమరికతోనే మొదలవ్వాలన్న నియమం 2020 జనవరి 1 నుంచి అమలులో ఉంది. దాన్ని 18కి దించినంత మాత్రాన, ఒకే వేగంతో తిరిగే కంప్రెసర్ ఉన్న ఏసీ త్వరగా చల్లబరచదు, ఎక్కువసేపు తిరుగుతుంది, అంతే.

ఆ తర్వాత ఇంట్లో ఉండి ఆలోచించడం మాని, డాబా మీదికో బాల్కనీలోకో వెళ్లి బయటి యూనిట్ ముందు చేయి పెట్టాలి. నా దృష్టిలో ఇంతకన్నా ఉపయోగపడే పరీక్ష మరొకటి లేదు. అక్కడ ఫ్యాన్ తిరుగుతూ వేడిగాలి తగులుతుంటే యంత్రం గది వేడిని బయటికి మోస్తోందన్నమాట, అప్పుడు లోపలి ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో, తలుపులు సరిగా మూసి ఉన్నాయేమో చూసుకోవాలి. ఫ్యాన్ తిరుగుతున్నా గాలి మామూలుగానే ఉంటే కంప్రెసర్ తిరగడం లేదనో, గ్యాస్ తగ్గిందనో అనుమానించాలి. సన్నని రాగి గొట్టం మీద మంచు పేరుకోవడం, గొట్టాలు కలిసే నట్ల దగ్గర నూనె మరకలు కనిపించడం గ్యాస్ తగ్గిందనడానికి గుర్తులు. బయట ఏదీ తిరగకపోతే మాత్రం ఆజ్ఞ అక్కడికి చేరలేదనో, వోల్టేజీ చాలక ఆగిపోయిందనో అనుకోవాలి. 230 వోల్టులు రావలసిన చోట సాయంత్రాలు బాగా తక్కువ వచ్చే ఊళ్లలో లోపలి చిన్న ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, పెద్ద బరువును కదిలించవలసిన కంప్రెసర్ మాత్రం లేవలేక మొరాయిస్తుంది. ఆపి వెంటనే మళ్లీ వేస్తే కంప్రెసర్ సుమారు మూడు నిమిషాలు కదలదు. అది లోపం కాదు, దాని రక్షణ కోసం పెట్టిన విరామం.

అక్క ఇంట్లో నేను బయట పది నిమిషాలు నిలబడ్డాను. కంప్రెసర్ గుర్రుమని మొదలైంది, వేడిగాలి చేతికి బాగానే తగిలింది, రెండు నిమిషాలైనా కాకుండానే ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మొదలై మళ్లీ అలాగే ఆగింది. నడుస్తున్నంతసేపూ వేడిని చక్కగా మోస్తున్న యంత్రానికి గ్యాస్ లేదనడం నాకు నమ్మబుద్ధి కాలేదు. మెయిన్ స్విచ్ ఆపి, ముందు మూత ఎత్తి, ఫిల్టర్లు తీసి టార్చి వేసి చూస్తే సంగతి తెలిసింది. గాలి లోపలికి వచ్చే చోట ప్లాస్టిక్ క్లిప్పులో ఉండవలసిన ఆ నల్లని పూస జారి కాయిల్ రెక్కల మధ్య ఇరుక్కొని ఉంది. ఉగాదికి ముందు కాయిల్ కడిగినప్పుడు దాన్ని తిరిగి క్లిప్పులో పెట్టినట్టు లేదు. కాయిల్ చల్లబడగానే పూస గది మొత్తం చల్లబడిందని చెబుతోంది, కంప్రెసర్ ఆగిపోతోంది, ఫ్యాన్ మాత్రం వేడిగాలిని తిప్పుతూనే ఉంది. పూసను క్లిప్పులో పెట్టడానికి అర నిమిషం పట్టింది.

అయితే అన్ని ఇళ్లలోనూ లోపం ఇంత తేలికగా దొరకదు. కళింగపట్నం, భోగాపురం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి బయటి కాయిల్ అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడిబారి రాలిపోతాయి, అప్పుడు వేడి బయటికి పోయే మార్గమే తగ్గిపోతుంది. పాతరకం ఏసీలలో కంప్రెసర్‌కు తోడుండే కెపాసిటర్ ఉబ్బి పాడవుతుంది. దీన్ని మాత్రం ఎవరూ సొంతంగా ముట్టుకోకూడదు, కరెంటు ఆపిన తర్వాత కూడా అందులో విద్యుదావేశం నిలిచి ఉంటుంది. ఆర్-32, ఆర్-290 వంటి గ్యాస్‌లకు మండే గుణం ఉంది కాబట్టి గొట్టాలను విప్పే పని శిక్షణ పొందినవాళ్లే చేయాలి.

మన తీరప్రాంతానికి సరిపోయే మరో పరీక్ష నీళ్ల గొట్టం కింద పెట్టిన బకెట్. గాలి 32 డిగ్రీలలో, తేమ 70 శాతం ఉన్న రోజున సుమారు 26 డిగ్రీలకన్నా చల్లనైన ఏ వస్తువు మీదనైనా నీటిచుక్కలు పడతాయి. అలాంటి ఉక్కపోతలో అరగంట ఏసీ వేసినా గొట్టం నుంచి చుక్క రాలేదంటే, ఆ గొట్టం మూసుకుపోలేదని చూసుకున్నాక, కాయిల్ ఆ మాత్రం కూడా చల్లబడలేదని చెప్పవచ్చు. ఆ నీళ్లలో యంత్రం శ్రమ ఎంత ఉందో కూడా లెక్క కట్టవచ్చు. ఒక లీటరు తేమ నీరుగా మారేటప్పుడు దాదాపు 2,430 కిలోజౌళ్ల వేడిని వదులుతుంది, దాన్నంతా కాయిలే పీల్చుకోవాలి. ఒక టన్ను ఏసీ గంటకు పీల్చగలిగేది సుమారు 12,660 కిలోజౌళ్లు. అంటే గంటకు లీటరు నీరు కారితే, గది వేడి ఒక్క డిగ్రీ తగ్గకముందే యంత్రం శక్తిలో దాదాపు ఐదో వంతు తేమను పిండడానికే పోతుంది. ఉక్క ఎక్కువైన రోజున బాగున్న ఏసీ కూడా గదిని నెమ్మదిగా చల్లబరచడానికి ఇదొక కారణం.

పూస సర్దిన తర్వాత పావుగంటకు, గోడమీది యూనిట్‌లోకి వెళ్లే గాలి 31 డిగ్రీలు, దానిలోంచి వచ్చే గాలి 20 డిగ్రీలు ఉన్నాయి. ఈ తేడా ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల మధ్య ఉంటే యంత్రం బాగున్నట్టే. అక్క రిమోట్‌ను 25కి మార్చి టేబుల్ ఫ్యాన్ ఆపేసింది. అప్పటికి పెరట్లో బకెట్ అడుగు తడిసింది.