ఆఖరి 18 సెకన్లు

విమానవాహక నౌకల మీద నుంచి ఎగిరే జెట్లలో నడపడానికి ఏది బాగుంటుందని ఇంజినీరింగ్ చదువుతున్న ఒక పాఠకుడు అడిగాడు. తనే ఒక పట్టిక కూడా తయారుచేసి పంపాడు. గరిష్ఠ వేగం, ఎత్తు, మోసే క్షిపణులు అన్నీ అందులో ఉన్నాయి. ధ్వనికి రెండు రెట్లు మించిన వేగం కాబట్టి ఎఫ్-14 టామ్‌క్యాట్ పైవరసలో ఉంది. ఆ విమానమంటే నాకూ చాలా ఇష్టం. కానీ ఈ ప్రశ్నకు జవాబు ఆ పట్టికలో దొరకదు. ఏ విమానం గురించైనా నేను ముందు అడిగేది ఒక్కటే: అది తిరిగొచ్చి నౌక పైతలం, అంటే డెక్ మీద ఎలా దిగుతుంది?

వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళ పైలట్లు ఎగురుతుండగానే వాళ్ల గుండె వేగాన్ని కొలిచారు. శత్రువు మీద బాంబులు వేసేటప్పటి కంటే నౌక మీంచి లేచేటప్పుడు, మళ్లీ దిగేటప్పుడే గుండె ఎక్కువగా కొట్టుకుంది. నౌకాదళ పైలట్‌ను నిజంగా పరీక్షించేది దిగే ముందు ఉండే ఆఖరి 18 సెకన్లే.

లేవడం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అందులో పైలట్ చేసేది తక్కువ. అమెరికా, ఫ్రాన్స్ నౌకల్లో క్యాటపుల్ట్ అనే యంత్రం రెండు మూడు సెకన్లలో విమానాన్ని గంటకు 250 కిలోమీటర్లు దాటించి విసిరేస్తుంది. మన విక్రమాదిత్య, విక్రాంత్‌ల మీద అది లేదు. వాటి మీది యుద్ధ విమానం మిగ్-29కె సొంత ఇంజిన్లతో పరిగెత్తి, ముందు భాగంలో 14 డిగ్రీలు పైకి వంచిన డెక్ మీంచి గాల్లోకి ఎగసి, పూర్తిగా ఎగరగలిగే వేగాన్ని గాల్లోనే అందుకుంటుంది. అందుకే నిండా బరువు మోసుకుని లేవడం దానికి కష్టం. ఇక దిగేటప్పుడు మాత్రం అందరిదీ ఒకే అవస్థ.

మామూలు విమానం చివర్లో ముక్కు కాస్త ఎత్తి, రన్‌వే మీద మెల్లగా వాలుతుంది. నౌక మీద అలా కుదరదు. సుమారు 3.5 డిగ్రీల వాలులో దిగుతూ, ఆ వాలు చెదరకుండా వచ్చి డెక్‌ను గుద్దుకోవాలి. డెక్‌కు అడ్డంగా నాలుగు ఉక్కు తాళ్లు ఉంటాయి, కొత్త నౌకల్లో మూడే. ఒక తాడుకూ ఇంకో తాడుకూ మధ్య 12 మీటర్ల దాకా దూరం. విమానం తోక కింద వేలాడే హుక్ వాటిలో ఒకదాన్ని పట్టుకోవాలి.

ఇప్పుడు చిన్న లెక్క. 3.5 డిగ్రీలకు టాన్ విలువ 0.061. అంటే మీరు ఉండాల్సిన దారికి ఒక మీటరు పైన ఉంటే, హుక్ తాకే చోటు 16 మీటర్లు ముందుకు జరిగిపోతుంది. తాళ్ల మధ్య ఉన్నదే 12 మీటర్లు కదా, ఒక్క మీటరు తేడాకే ఒక తాడు చేజారినట్టు. మీటరు కిందకొస్తే 16 మీటర్లు వెనక్కి జరుగుతుంది. మరీ కిందకొస్తే అక్కడ తాడు ఉండదు, నౌక వెనక అంచే ఉంటుంది. పైగా డెక్ అలలకు లేస్తూ పడుతూ ఉంటుంది. దిగే దారి నౌక నడిచే దిశకు తొమ్మిది పది డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి, నౌక ముందుకు సాగేకొద్దీ ఆ దారి పైలట్ కళ్ల ముందే కుడివైపుకు జరుగుతూ పోతుంది.

ఈ మీటరు లోపు ఎత్తును కంటితో పట్టుకోవడం ఎలా? 1950ల మొదట్లో నికోలస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి డెక్ పక్కన ఒక అద్దం పెట్టి, దానిలో దీపం ప్రతిబింబం కనపడేట్టు చేశాడు. ఇప్పుడు అద్దం స్థానంలో కటకాలు వచ్చాయి, సూత్రం మాత్రం అదే. అటూ ఇటూ ఆకుపచ్చ దీపాల వరస, మధ్యలో పసుపు కాంతి చుక్క. చుక్క వరసకు పైన కనిపిస్తే మీరు ఎత్తులో ఉన్నారు, కింద కనిపిస్తే దిగువన ఉన్నారు. బాగా కిందకొస్తే అది ఎర్రగా మారుతుంది. పైలట్లు దాన్ని ‘బాల్’ అంటారు.

అయితే నాకు అన్నిటికన్నా నచ్చిన చిక్కు ఇక్కడే ఉంది. బాల్ దారి చూపేది పైలట్ కంటికి. తాడును పట్టుకోవాల్సింది హుక్. ఆ హుక్ కంటికి కొన్ని మీటర్ల కింద, చాలా వెనక ఉంటుంది. కంటి దారికీ హుక్ దారికీ మధ్య ఎంత తేడా ఉంటుందన్నది ఒక్కో విమానానికి ఒక్కోలా ఉంటుంది. అందుకే వచ్చే విమానాన్ని బట్టి కటకాల కోణాన్ని సర్దుతారు. తాళ్ల బిగువునూ విమానం బరువును బట్టి మారుస్తారు. ఆ చివరి క్షణాల్లో పైలట్ రేడియోలో చెప్పేది ఇందుకోసమే: ‘రైనో, బాల్, 5.2’. రైనో అంటే సూపర్ హార్నెట్, అమెరికా నౌకాదళపు యుద్ధ విమానం. దానికంటే తేలికైన పాత హార్నెట్‌తో పొరపడి తక్కువ బరువుకు తాడు బిగిస్తే ప్రమాదం కాబట్టి, వినగానే తేడా తెలిసే పేరు వాడతారు. 5.2 అంటే ట్యాంకుల్లో 5,200 పౌండ్ల ఇంధనం మిగిలిందని. విమానం ఏదో, అది ఎంత బరువుందో ఆ మూడు ముక్కల్లోనే డెక్ మీదివాళ్లకు తెలిసిపోతుంది.

కంటికీ హుక్‌కూ మధ్య ఈ దూరం వల్ల ఇంకో సంగతి. చివర్లో ఎత్తు ఎక్కువైందనిపించి పైలట్ ముక్కు దించాడనుకోండి. వెనకున్న హుక్ పైకి లేస్తుంది, తాళ్ల మీంచి దాటిపోతుంది. ఎత్తును సరిచేయబోయి అసలుకే మోసం తెచ్చుకున్నట్టవుతుంది. కాబట్టి ముక్కు కోణాన్ని కదపకుండా ఎత్తును సర్దుకోవాలి.

దానికి మిగిలేది ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే థ్రాటిలే. మన తరగతి గదుల్లో విమానాన్ని పైకి మోసే లిఫ్ట్ సూత్రాన్ని బోర్డు మీద రాయించి, గాలి వెనక్కి లాగే డ్రాగ్‌ను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకది బాధగానే ఉంటుంది, ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది. విమానం వేగం తగ్గేకొద్దీ, అంతే బరువును మోయడానికి రెక్కలు గాలిని మరింత వాలుగా ఎదుర్కోవాలి. ఆ వాలు వల్ల పుట్టే డ్రాగ్ వేగం తగ్గేకొద్దీ పెరుగుతుంది. ఒక వేగం కంటే దిగువకు వస్తే, నెమ్మదిగా వెళ్లడానికే ఎక్కువ శక్తి కావాలి. నౌక మీద దిగే జెట్లు సాధారణంగా ఈ తలకిందుల ప్రాంతంలోనే ఉంటాయి. అక్కడ ముక్కెత్తి పైకి పోదామనుకుంటే వేగం ఇంకా పడిపోయి మరింత కిందికి దిగుతాం. ఎత్తును ఇంజిన్ పట్టుకోవాలి, వేగాన్ని ముక్కు కోణం పట్టుకోవాలి. జెట్ ఇంజిన్ అడగ్గానే ఊపందుకోదు. ఇప్పుడు నెట్టిన థ్రాటిల్‌కు ఫలితం కాసేపయ్యాక వస్తుంది. అంటే తప్పు జరగకముందే దాన్ని సరిచేయడం మొదలుపెట్టాలి. ఆ 18 సెకన్లలో పైలట్ చేసే సర్దుబాట్లు రెండు మూడు వందల దాకా ఉంటాయి.

ఈ ఒక్క కష్టాన్ని ఎవరెలా తీర్చుకున్నారో చూస్తే ఆయా విమానాల రూపం అర్థమవుతుంది. ఎఫ్-8 క్రూసేడర్‌లో రెక్క మొత్తాన్ని 7 డిగ్రీలు పైకెత్తేవారు. రెక్క వాలుతుంది, పైలట్ కూర్చున్న భాగం వాలదు, ముందున్న డెక్ కనిపిస్తుంది. ఎఫ్-4 ఫాంటమ్‌లో నెమ్మదిగా వెళ్తున్నా లిఫ్ట్ దక్కేలా, ఇంజిన్ నుంచి తీసిన గాలిని రెక్క వెనకంచున కదిలే పలకలైన ఫ్లాప్‌ల మీదుగా ఊదేవారు. టామ్‌క్యాట్ తన రెక్కల్ని 68 డిగ్రీల వెనకవాలు నుంచి 20 డిగ్రీలకు తెచ్చి చాచుకునేది. విమానాన్ని నడిపే స్టిక్ మీదున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో తిప్పితే రెక్క మీది పలకలు లేచి పడి, ముక్కు కదలకుండానే ఎత్తు సర్దుకునేది. అద్భుతమైన ఆలోచన అది. కానీ తొలి టామ్‌క్యాట్‌ల టీఎఫ్30 ఇంజిన్‌లో గాలి ప్రవాహం తెగి స్టాల్ అయ్యే జబ్బుంది. రెండు ఇంజిన్లూ దూరదూరంగా ఉండేవి కాబట్టి, ఒకటి ఆగితే విమానం పక్కకు గట్టిగా తిరిగిపోయేది. నౌకల కోసం చేసిన ఎఫ్-35సి దారి సూటిది, రెక్కనే పెద్దది చేశారు: వైమానిక దళం వాడే ఎఫ్-35ఎ రెక్క వైశాల్యం 43 చదరపు మీటర్లయితే దీనిది 62. సీ హారియర్ ఈ గొడవనే పక్కన పెట్టి, నౌక పక్కన గాల్లో ఆగి, అడ్డంగా జరిగి నిలువునా దిగేది. మన పాత నౌక విరాట్ మీద మన పైలట్లు 2016 వరకు అలాగే దిగారు. దానికి మూల్యం మోసే బరువులో, తిరిగే దూరంలో చెల్లించాల్సి వచ్చేది.

అసలు మలుపు 2015లో వచ్చింది. జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ అనే నౌక మీద సూపర్ హార్నెట్లకు కొత్త నియంత్రణ సాఫ్ట్‌వేర్ పరీక్షించారు. దాని వెనక బడ్డీ డెన్‌హామ్ అనే ఇంజినీరు కృషి ఉంది. అంతకుముందు స్టిక్ కదిపితే ముక్కు కదిలేది. ఇప్పుడు దిగే దారే కదులుతుంది: రెక్క మీది ఫ్లాప్‌లు తామే కాస్త లేచి, కాస్త దిగి లిఫ్ట్‌ను నేరుగా మార్చేస్తాయి. ముక్కు కోణాన్ని, థ్రాటిల్‌ను కంప్యూటర్ చూసుకుంటుంది. టామ్‌క్యాట్ పైలట్ బొటనవేలితో చేసిన పనే ఇది, ముక్కునూ థ్రాటిల్‌నూ పైలట్ చూసుకోనక్కర్లేకుండా. వందల సర్దుబాట్లు పది ఇరవైకి తగ్గాయి. ఎఫ్-35సిలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. పైలట్ నైపుణ్యం పోతోందని బాధపడేవాళ్లున్నారు. చంద్రుడు లేని రాత్రి, తుపాను గాలిలో దిగాల్సినవాడి పక్షాన నేనుంటాను.

దిగడం తేలికైతే మిగతా జీవితమూ మారుతుంది. దిగేటప్పుడు సూపర్ హార్నెట్ బరువు 44,000 పౌండ్లు, అంటే సుమారు 20 టన్నులు మించకూడదు. వాడని బాంబులు తిరిగి తెస్తే ఆ మేరకు ఇంధనం తక్కువ ఉంచుకోవాలి. ఇంధనం తక్కువైతే, తాడు తప్పినప్పుడు మళ్లీ చేసే ప్రయత్నాలూ తక్కువే. తీరం దూరమైతే వేరే చోట దిగే దారే ఉండదు. అందుకే గాల్లో ఇంధనం పోసే విమానం పైన తిరుగుతూ ఉండాలి. నలుగురు కూర్చునే ఎస్-3 వైకింగ్ ఆ పని చేసేది. 2009లో అది నౌకల మీంచి వెళ్లిపోయాక సూపర్ హార్నెట్లే బొడ్డు కింద, రెక్కల కింద ట్యాంకులు తగిలించుకుని ఆ పనికి దిగాయి. యుద్ధ విమానం నడుపుదామని వచ్చిన కుర్ర పైలట్ తన ఎగిరే గంటల్లో కొన్నిటిని నౌక చుట్టూ ప్రదక్షిణలకే ఇవ్వాల్సి వస్తోంది. పైలట్ లేని ఎంక్యూ-25 ఈ పని కోసమే తయారవుతోంది. 2021 జూన్‌లో అది మొదటిసారి ఒక సూపర్ హార్నెట్‌కు ఇంధనం పోసింది.

మంచి అయినా చెడు అయినా ప్రతి దిగడానికీ మార్కులు పడతాయి. డెక్ అంచున నిలబడి చూసే అధికారులూ పైలట్లే. వాళ్లు వేసిన మార్కులు స్క్వాడ్రన్ గదిలో బోర్డు మీద అందరికీ కనపడేట్టు రంగుల్లో ఉంటాయి. ఆ టెన్షన్‌ను పంచుకునే మనిషి పక్కనున్నాడా లేడా అన్నది విమానాన్ని బట్టి ఉంటుంది. ఏ-6 ఇంట్రూడర్‌లో ఇద్దరు పక్కపక్కనే కూర్చునేవాళ్లు. రాత్రిపూట, వానలో, కొండల మధ్య చాలా తక్కువ ఎత్తులో వెళ్లడం దాని పని. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు రాడార్ తెర చూసి దారి చెప్పేవారు. శత్రువు రాడార్లను గందరగోళపరిచే ప్రౌలర్‌లో నలుగురు. దాని తర్వాత వచ్చిన గ్రౌలర్‌లో ఇద్దరు, ముందు వెనక. ఎఫ్-35సిలో ఒక్కరే, తోడుగా హెల్మెట్ అద్దం మీద కనిపించే సమాచారం. మన నౌకాదళం 2025 ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకున్న 26 రఫేల్-ఎం విమానాల్లో 22 ఒంటి సీటువే.

కాబట్టి ఆ పాఠకుడికి నా జవాబు ఇది. రాత్రి డెక్ మీద దిగడానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న సూపర్ హార్నెట్, అందులోనూ రెండు సీట్లది. ఎగరడమే జీవితం అనుకుంటే మాత్రం 1997లో విశ్రాంతి తీసుకున్న ఏ-6. అది ధ్వని వేగాన్ని ఎప్పుడూ అందుకోలేదు కనుక మీ పట్టికలో అట్టడుగున ఉంది.